లెక్కలో లేని దీవులు

పంపు గది పుస్తకం. పన్నెండో తెప్ప.

నమోదు 1. జూన్ 4

ముందు చివరి రోజు సంగతి రాస్తాను.

పోయినేడాది జూన్ 11. నా భార్య ఎస్తేరు ఉదయం అయిదున్నరకు మేలుకుంది. ఆసుపత్రి తెప్ప, మూడో మంచం. జావ అడిగింది. రెండు చెంచాలు తాగి ఉప్పు తక్కువైందన్నది. సముద్రం మీద తెప్పలతో కట్టుకున్న ఈ ఊళ్ళో ఉప్పు తక్కువైందన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నానని నర్సు నవ్వింది. తొమ్మిదింటికి ఆక్సిజన్ పెంచారు. పదిన్నరకు బడి నుంచి ముగ్గురు పిల్లలు వచ్చి గాజు తలుపు అవతల నిలబడి చేతులూపారు. తనూ ఊపింది. మధ్యాహ్నం నన్ను పంపు గదికి వెళ్ళమంది. "ఐదింటి నీళ్ళు మీరు వదలకపోతే ఎవరు వదుల్తారు?" అంది. వెళ్ళాను. నీళ్ళు వదిలి తిరిగొచ్చేసరికి ఆరుంబావు. మంచం మీద దుప్పటి మార్చేశారు.

అంతే.

ఈ పుస్తకంలో రాయవలసినవి మూడు. నీటిలో ఉప్పు, గొట్టంలో ఒత్తిడి, నీళ్ళు వదిలిన వేళ. పన్నెండేళ్ళలో దీన్ని ఎవరూ తెరిచి చూడలేదు. కాబట్టి ఇవాళ్టి నుంచి మిగతావీ రాస్తాను.

ఉప్పు 410. ఒత్తిడి 54. రెండు పూటలా నీళ్ళు వేళకే వదిలాను.

పదింటికి గోమతి వచ్చింది. మా పక్క గది పిల్ల, పద్దెనిమిదేళ్ళు. తెప్పల అడుగున గొలుసులు బాగుచేసే పని నేర్పే లోతు బడిలో సీటు వచ్చింది. చేరాలంటే బ్యాంకు పూచీ ఇవ్వాలి. చేతిలో బ్యాంకు కాయితం ఉంది.

"నువ్వు చదువు మావయ్యా. నేను చదివితే ఇంకోలా అర్థమవుతోంది."

చదివాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "పూచీ నిరాకరించడమైనది. కారణం: పంచే స్వభావం అధికం, నిలుపుకునే స్వభావం లేదు. ఆధారం: 'దీవి' ఆట, మొదటి ఏడాది, ఆటలోని మూడో ఎండాకాలం. ఆడిన నాటి వయసు: ఏడు. నీళ్ళు ఇచ్చినది పద్నాలుగు సార్లు, దీవి 31కి. తనకు మిగుల్చుకున్నది: సున్న."

"ఏడేళ్ళప్పుడు నేనేం ఆడానో నాకే గుర్తులేదు. వీళ్ళకెందుకంట?" అంది గోమతి.

పొరపాటు జరిగి ఉంటుందన్నాను. ఆ ఆటకు నియమాలు రాసింది ఎస్తేరు. పదేళ్ళ లోపు పిల్లల ఆటను లెక్కలోకి తీసుకోకూడదని అందులో ఉంది. నాలుగో నియమం. రేపు వెళ్ళి అడుగుతానన్నాను.

నమోదు 2. జూన్ 5

ఉప్పు 415. ఒత్తిడి 54.

పొరపాటు నాది.

తరంగిణి బ్యాంకు అయిదో తెప్ప మీద ఉంది. మేనేజరు తేజోవతి. ఇరవై ఆరేళ్ళు. మా తెప్పలోనే పెరిగింది, ఎస్తేరు దగ్గరే చదివింది. నన్ను చూసి లేచి నిలబడింది.

"రండి బాబాయ్. చేతులేంటి అలా పగిలిపోయాయి? అన్నం తింటున్నారా, మానేశారా?"

కాయితం ముందు పెట్టాను. నాలుగో నియమం ఉండగా ఇది ఎలా రాశారని అడిగాను.

"నాలుగో నియమం తీసేశాం బాబాయ్. పోయినేడాదే. మీ వేలిముద్ర ఉంది కదా."

తెర నా వైపు తిప్పింది. జూన్ 20. ఏడు పేజీలు. ప్రతి పేజీ కింద నా కుడి బొటనవేలు.

ఆ రోజు గుర్తుంది. ఎస్తేరు పోయిన తొమ్మిదో రోజు. తేజోవతి చేపల పులుసు గిన్నెతో వచ్చి నేల మీద కూర్చుంది. టీచరమ్మ సేవకు గుర్తుగా గది నా పేరున శాశ్వతంగా రాస్తున్నామంది. నేను చదవలేదు. గాజు పలక ముందు పెడితే ఏడు సార్లు నొక్కాను. ఒక్కోసారీ తన చేతిరుమాలుతో పలక తుడిచి పెట్టింది. డిగ్రీ చదివినవాణ్ణి. పంపుకు కొత్త నట్టు వచ్చినా దాని కాయితం రెండు సార్లు చదువుతాను.

నియమాలు రాసినవారి వేలిముద్ర లేకుండా పిల్లల ఆటను మార్చకూడదన్నది చట్టం. రాసినవారు పోతే ఆ హక్కు ఇంట్లోవాళ్ళది. పదేళ్ళ లోపు ఆటలు అన్నేళ్ళూ బ్యాంకు దగ్గర దాచిపెట్టే ఉన్నాయి. తెరవడానికి మాత్రం వీల్లేకపోయింది. నేను తెరిచి ఇచ్చాను.

"మీకు చెప్పాననే అనుకున్నాను బాబాయ్," అంది తేజోవతి.

చెప్పిందేమో. నాకు పులుసు గిన్నె మాత్రమే గుర్తుంది.

నమోదు 3. జూన్ 7

ఉప్పు 405. ఒత్తిడి 53. రెండో పంపు శబ్దం చేస్తోంది.

ఎస్తేరు పెట్టె తీశాను. ఏడాదిగా తీయలేదు. వానకోటు, మూడు చీరలు, ఆట నోటుపుస్తకం.

బ్యాంకువాళ్ళు ఆట రాయమని అడిగిన రోజు మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. బ్యాంకు పిల్లలకు ఆట ఎందుకిస్తుందని నేను అడిగాను. "ఎందుకిస్తే మనకెందుకు? పిల్లలు పొదుపు నేర్చుకుంటారు. మట్టి అంటే ఏంటో తెలుసుకుంటారు. నా క్లాసులో నేల మీద నడిచిన పిల్ల ఒక్కతీ లేదు," అంది. తను అనుకున్న ఆట ఇదీ: ఒక్కో పిల్లకీ ఒక్కో దీవి. అందులో మట్టి, ఒక బావి, నాలుగు మొక్కలు. ఎండాకాలం వస్తుంది, తుఫాను వస్తుంది. నీళ్ళు దాచుకోవాలి. కావాలంటే పక్క దీవికి ఇవ్వొచ్చు, అప్పు అడగొచ్చు.

"వాళ్ళు ఆడుతుంటే బ్యాంకు చూస్తూ ఉంటుంది," అన్నాను నేను.

రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ అడిగింది: "మీరు చిన్నప్పుడు అరటిపండుగా ఆడారా?"

మా ఇంట్లో నేనే పెద్ద. ఆడలేదన్నాను.

"నేను ఆడాను. మా అక్కలు నలుగురూ ఆడుతుంటే నేనూ ఏడ్చేదాన్ని. సరే రా, నువ్వు ఆటలో అరటిపండువి అనేవాళ్ళు. పరిగెత్తేదాన్ని, దాక్కునేదాన్ని, అన్నీ చేసేదాన్ని. నన్ను ముట్టుకున్నా నేను ఔటు కాదు. అలా ఆడీ ఆడీ ఆట నేర్చుకున్నాను. ఎవరైనా అలాగే కదా నేర్చుకునేది."

ఆ రోజే నాలుగో నియమం రాసింది. పెన్సిలుతో రాసి, తర్వాత దాని మీదే సిరాతో దిద్దింది: "పదేళ్ళు నిండని పిల్లలు అరటిపండ్లు. వాళ్ళ గెలుపు గెలుపు కాదు, ఓటమి ఓటమి కాదు. వాళ్ళు ఆడినది ఎప్పుడూ, ఎవరూ, ఎందుకూ లెక్కలోకి తీసుకోరాదు."

బ్యాంకు ఒప్పుకుంది. ఒప్పించడానికి తను నాలుగు నెలలు తిరిగింది.

నమోదు 4. జూన్ 8

ఉప్పు 412. ఒత్తిడి 53.

మళ్ళీ బ్యాంకుకు వెళ్ళాను. వేలిముద్ర వెనక్కి తీసుకోవాలంటే ఏం చేయాలని అడిగాను.

తేజోవతి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. "బాబాయ్, ఒక్క మాట చెప్పనా? మా నాయన వల తాకట్టు పెట్టాడు. కాయితం చదవడం రాక పడవ కూడా పోగొట్టుకున్నాడు. వడ్డీ అంటే ఏంటో నాకు చెప్పింది ఆ ఆటే. పిల్లల దగ్గరికి బ్యాంకు వెళ్తే తప్పేంటి? మేం వెళ్ళకపోతే వాళ్ళ దగ్గరికి ముందు ఎవరెళ్తారో మీకు తెలీదా?"

"తెలుసు. వెళ్ళండి. ఎంతైనా నేర్పండి. ఆడుతుంటే రాసుకోకండి."

"రాసుకోకపోతే ఎవరు ఎంత నేర్చుకున్నారో ఎలా తెలుస్తుంది?"

"ఎస్తేరుకి తెలిసేది. పక్కన కూర్చునేది."

ఆమె చెప్పింది. వేసిన రోజు నుంచి ఏడాది లోపు వెనక్కి తీసుకోవచ్చు. అంటే ఈ నెల 20, మధ్యాహ్నం పన్నెండు దాకా. అదే శాఖలో, అదే వేలితో. తీసుకుంటే ఆ ఏడు పేజీలూ రద్దవుతాయి. మొదటి పేజీ గది తాలూకుది. "గది ఆ రోజే ఖాళీ చెయ్యాలి బాబాయ్. అది టీచరమ్మ గది. ఆలోచించుకోండి."

"ఆలోచించాను. పలక ఇటు పెట్టు."

బొటనవేలు పెట్టాను. ఎర్ర దీపం. మళ్ళీ పెట్టాను. ఎర్ర దీపం. చెయ్యి కడుక్కొచ్చి పెట్టాను. అదే.

తేజోవతి నా చెయ్యి పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పింది. వేలి మీద ఒక్క గీత లేదు. గుడ్డు పెంకులా నున్నగా ఉంది.

"ఇంత అరిగిపోయిందేంటి?"

ఏడాదిగా సముద్రపు నీటిలోంచి ఉప్పును వడగట్టే పంపు పొరలను వట్టి చేతులతో యాసిడ్ పెట్టి తోముతున్నాను. అంతకు ముందు ఎస్తేరు గుర్తుచేసేది, చేతి తొడుగులు వేసుకోమని.

నమోదు 5. జూన్ 9

ఉప్పు 420. ఒత్తిడి 52. బొటనవేలు: గీతలు లేవు.

ఆసుపత్రిలో చూపించాను. యాసిడ్ ముట్టుకోకపోతే చర్మం మళ్ళీ వస్తుందట. గీతలు కూడా పాతవే వస్తాయట. ఎన్నాళ్ళకని అడిగితే రెండు వారాలు, మూడు వారాలు, చెప్పలేం అన్నారు. నాకున్నవి పదకొండు రోజులు.

ఈ పూట నుంచి పొరలు గోమతి తోముతుంది. నేను వద్దన్నాను. "నీ వేలు వాడబట్టే కదా నా సీటు పోయింది, ఇప్పుడు నా వేళ్ళు వాడు," అంది. నవ్వుతూనే అంది. తొడుగులు తన చేతికిచ్చాను.

కుడి చేతికి గుడ్డ చుట్టి, లోపల కొబ్బరినూనె రాశాను. సాయంత్రం నీళ్ళ కోసం వచ్చిన గోమతి నాయనమ్మ వెంకాయమ్మ కుండ దించి నా చెయ్యి చూసింది.

"వేలు పెంచుతున్నావంటగా దేవసహాయం. పాదు కట్టావా? పందిరి వెయ్యమంటావా?"

"మొలకెత్తలేదు పిన్నీ ఇంకా."

"పేడ నీళ్ళు పొయ్యి. నా చిన్నప్పుడు గట్టు మీద పొట్ల పాదుకి మేం అదే పోసేవాళ్ళం." కుండ ఎత్తుకుని రెండడుగులు వేసి ఆగింది. "అది ఏడేళ్ళప్పుడు నీళ్ళు పంచిందంట కదా. నేనే నేర్పాను. పక్కింటోళ్ళు అడిగితే లేదనకూడదని. నన్ను కూడా రాసుకోమను ఆ బ్యాంకోళ్ళని."

నమోదు 6. జూన్ 11

ఉప్పు 408. ఒత్తిడి 53. బొటనవేలు: పొట్టు లేస్తోంది.

ఏడాది అయింది. జావ కాచాను. ఉప్పు సరిగ్గానే వేశాను. ఐదింటికి నీళ్ళు వదిలాను.

నమోదు 7. జూన్ 13

ఉప్పు 455. ఒత్తిడి 61. బొటనవేలు: భద్రం.

ఉదయం నుంచి నైరుతి గాలి. తెప్పల మధ్య గొలుసులు బిగుసుకుని మూలిగాయి. పదకొండింటికి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగింది. పెద్ద కవాటం ఇరుక్కుపోయింది. పావుగంటలో తిప్పకపోతే పొరలు చిరుగుతాయి, నాలుగు తెప్పలకు వారం రోజులు నీళ్ళుండవు.

కవాటం చక్రం తడిగా ఉంది. తొడుగుతో పట్టుకుంటే జారుతోంది. కుడి చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని ఎడమ చేత్తో తిప్పాను. కదల్లేదు. గోమతి పరిగెత్తుకొచ్చి నా ఎడమ చేతి పక్కన తన రెండు చేతులూ వేసింది.

"కుడి చెయ్యి తియ్యకు. తీశావా, కొరుకుతాను!" అని అరిచింది.

ఇద్దరికీ మూడు చేతులు. తిరిగింది. నా ఎడమ అరచేతి చర్మం చక్రానికి అంటుకుపోయింది. గోమతి చక్రం తుడుస్తూ, "లోతు బడివాళ్ళు పరీక్షలో పెట్టేది ఇదే మావయ్యా. ఇరుక్కున్న కవాటం," అంది.

చేరడానికి నెలాఖరు గడువు.

నమోదు 8. జూన్ 15

ఉప్పు 418. ఒత్తిడి 54. బొటనవేలు: కింది వైపు రెండు గీతలు. భూతద్దంతో చూస్తే మూడు.

గోమతి కాయితం మళ్ళీ చదివాను. "దీవి 31కి." పద్నాలుగు సార్లూ ఒకే దీవికి. ఏడేళ్ళ పిల్లకు పంచే స్వభావం ఉంటే ఇద్దరికో ముగ్గురికో పంచుతుంది. ఒక్కరికే ఎందుకిచ్చింది?

ఎస్తేరు నోటుపుస్తకం చివర ఆట మొదలైన ఏడాది పిల్లల పట్టిక ఉంది. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరి దీవి ఎన్నోది, వయసు. పెద్ద క్లాసు పిల్లల పక్కన చిన్న క్లాసు పిల్లలను కూర్చోబెట్టింది, చూసి నేర్చుకుంటారని.

దీవి 30: గోమతి, ఏడు. అరటిపండు.

దీవి 31: తేజోవతి, పదిహేను.

నమోదు 9. జూన్ 16

ఉప్పు 411. ఒత్తిడి 54. బొటనవేలు: నాలుగు గీతలు.

తేజోవతి నన్ను చూడగానే పలక బయటికి తీసింది. ఇవాళ వేలి కోసం రాలేదన్నాను.

"ముప్పై ఒకటో దీవి ఎవరిది తేజా?"

పలకను మళ్ళీ సొరుగులో పెట్టింది. సొరుగు మూయడానికి చాలాసేపు పట్టింది.

"అది నా పక్కనే కూర్చునేది," అంది. "ఎప్పుడూ ముక్కు కారుతూ ఉండేది. నేనే చెప్పాను. నువ్వు అరటిపండువే కదా, నీ బావి ఎండినా ఎండినట్టు కాదు, నీళ్ళు నాకియ్యవే అని. వెంటనే ఇచ్చేసేది. ఎన్ని సార్లు?"

"పద్నాలుగు."

"అయిదో ఆరో అనుకున్నాను."

కౌంటరు అవతల ఎవరో పిలిచారు. ఆగమంది.

"ఆ ఎండాకాలం ఊరు మొత్తంలో ఎండని దీవి నాదొక్కటే బాబాయ్. బ్యాంకువాళ్ళు పిలిచి మెచ్చుకున్నారు. అలాగే ఇక్కడ పనిలోకి తీసుకున్నారు. నా కాయితంలో ఏం రాశారో తెలుసా? 'కరువులోనూ నిల్వ తగ్గనివ్వలేదు' అని." నవ్వబోయి మానేసింది. "గోమతి దరఖాస్తు నా బల్ల మీదకే వచ్చింది. కింద సంతకం నాదే. దీవి అంకె చూడలేదు. చూసినా గుర్తుపట్టేదాన్నో లేదో."

అప్పుడు తలెత్తి అడిగింది.

"పైవాళ్ళకు చెప్తారా?"

"చెప్పను. ఆటలో పదిహేనేళ్ళ పిల్ల చేసింది నేను లెక్కగట్టను."

"నాకు పదిహేను కదా. నియమం పదేళ్ళ లోపుకే."

"అది బ్యాంకు ఒప్పుకున్న అంకె. ఎస్తేరు మొదట పెన్సిలుతో రాసింది పద్దెనిమిది. నోటుపుస్తకంలో కొట్టేసి ఉంది."

తేజోవతి కళ్ళు తుడుచుకోలేదు. క్షమించమని అనలేదు. నేనూ అది వినడానికి వెళ్ళలేదు. లేచి వస్తుంటే వెనక నుంచి అంది: "నూనె పూర్తిగా తుడవండి బాబాయ్. వేలు వెచ్చగా ఉండాలి. నుదుటి మీద గట్టిగా రుద్ది పెట్టండి. మా నాయనది అలాగే పడేది."

నమోదు 10. జూన్ 17

ఉప్పు 409. ఒత్తిడి 53. బొటనవేలు: నాలుగు గీతలే.

బ్యాంకు నుంచి అట్టమీద అచ్చువేసిన పిలుపు వచ్చింది. మూడేళ్ళు నిండిన పిల్లలకు "బుజ్జి దీవి" అనే కొత్త ఆట. ప్రారంభం 20వ తేదీ ఉదయం పదింటికి, బడి తెప్ప మీద. ఎస్తేరు టీచరు గారి చిత్రపటానికి పూలమాల. వేదిక మీద నాకు కుర్చీ.

మూడేళ్ళ పిల్లలు. కొందరు ఇంకా పాలసీసా మానలేదు. వాళ్ళు ఎవరికి బిస్కెట్టు ఇచ్చారో, ఎవరి దగ్గర లాక్కున్నారో పదిహేనేళ్ళ తర్వాత ఒక కాయితం మీదకు వస్తుంది. దాని పైన ఎస్తేరు బొమ్మ ఉంటుంది. బడి గోడ మీది ఫొటో నేనే ఇచ్చాను. దానికీ ఏ కాయితం చదవలేదు.

గోమతి పిలుపు చదివి బల్ల మీద పెట్టింది.

"మావయ్యా, వద్దులే. నీ గది పోద్ది. ఏడాది ఆగి మళ్ళీ పరీక్ష రాస్తాను."

"మళ్ళీ ఇదే కాయితం ఇస్తారు. నీకు ఎప్పుడూ ఏడేళ్ళే వాళ్ళ దగ్గర."

"నా ఒక్కదాని కోసం ఇల్లొదులుకుంటావా?"

"నీ ఒక్కదాని కోసం కాదు. పదకొండేళ్ళుగా ఆడిన ప్రతి చిన్న పిల్లదీ తెరిచి పెట్టింది ఈ వేలు. దాన్ని నేనే మూయాలి."

"అమ్మో, ఉపన్యాసం," అంది గోమతి. ఇంతలో కూర మాడింది. ఇద్దరం మాడిందే తిన్నాం.

ఒక సంగతి సరిగ్గా రాయాలి. నాకు ఆ ఆట మీద కోపం లేదు. అది మంచి ఆట. వెంకాయమ్మ తరం మోసపోయినట్టు గోమతి తరం మోసపోదు, ఆ ఆట వల్లే. బ్యాంకు పిల్లలకు ఆట ఇవ్వొచ్చు. ఇచ్చాక బయటికి వెళ్ళి తలుపు వేయాలి. పిల్ల తన బావిని తానే ఎండగొట్టుకుని, ఏడ్చి, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టగలిగితేనే అది ఆట. ఎవరో మూల కూర్చుని రాసుకుంటుంటే అది పరీక్ష. పరీక్ష అని పిల్లకు చెప్పకపోవడం ఇంకా అన్యాయం. ఎస్తేరు ఉండగా ఈ మాట నేను ఇంత తేటగా చెప్పలేకపోయాను. తనే నాలుగో నియమంగా రాసి పెట్టింది. నేను దాన్ని పులుసు గిన్నె పక్కన పెట్టి చెరిపేశాను.

నమోదు 11. జూన్ 18

ఉప్పు 407. ఒత్తిడి 54. బొటనవేలు: అయిదు గీతలు, మధ్యలో సుడి మొదలైంది.

గది సర్దాను. వంటగిన్నెలు గోమతి వాళ్ళింటికి. మంచం పంపు గదిలో పట్టదు, దుప్పటి చాలు. ఎస్తేరు చీరలు పెట్టెలోనే. వానకోటు ఇక్కడ మేకుకు తగిలించాను, పంపు గదిలో పై నుంచి కారుతుంది, వాడుకోవచ్చు. తలుపు వెనక తను పిల్లల ఎత్తులు కొలిచి గీసిన గీతలున్నాయి. వాటిని తీసుకురాలేను. చెరపను. తర్వాత వచ్చేవాళ్ళకు ఉంటాయి.

మధ్యాహ్నం సరుకుల కొట్టు దగ్గర వేలు పరీక్షించాను. అక్కడి పలక కూడా బ్యాంకు పలకలాంటిదే. మొదటిసారి ఎర్ర దీపం. రెండోసారి ఎర్ర దీపం. నుదుటి మీద రుద్ది పెట్టాను. పచ్చ దీపం. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఊరందరికీ తెలిసిపోయిందన్నమాట. వెంకాయమ్మ చెప్పి ఉంటుంది. నాలుగోసారి పెడితే మళ్ళీ ఎర్ర దీపం. కొట్టువాడు, "ఒకసారి పడింది కదయ్యా, బియ్యం ఇచ్చేస్తాగా, మళ్ళీ ఎందుకు?" అన్నాడు.

నాలుగు సార్లలో ఒకసారి.

నమోదు 12. జూన్ 19

ఉప్పు 406. ఒత్తిడి 54. రెండు పూటలా నీళ్ళు వేళకే.

బొటనవేలు: అయిదు గీతలు, సుడి సగం.

ఇవాళ కుడి చేత్తో ఏమీ ముట్టుకోలేదు. అన్నం చెంచాతో తిన్నాను. ఈ నమోదు ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

సాయంత్రం తేజోవతి పంపు గదికి వచ్చింది. ఇంతకు ముందు ఎప్పుడూ రాలేదు. రేపు పదింటికి వేదిక మీదకు రమ్మని బ్యాంకు తరఫున అడగడానికి వచ్చానంది. రానన్నాను. సరేనంది. దుప్పటి, పెట్టె, మేకుకున్న వానకోటు చూసింది. వానకోటు చేయి ఒకటి మడతపడి ఉంటే సరిచేసింది.

"రేపు అందరూ బడి దగ్గరుంటారు. శాఖలో నేనొక్కదాన్నే ఉంటానని చెప్పాను. పన్నెండు దాకా శాఖ మూయను," అంది. తలుపు దాకా వెళ్ళి, "గోమతి ఎలా ఉంది?" అని అడిగింది.

"వెళ్ళి అడుగు. పక్క గదే."

వెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కాసేపటికి గోడ అవతల వెంకాయమ్మ గొంతు వినిపించింది, "ముక్కు కారేదా? ఇదా? ఇప్పటికీ కారుతుందమ్మా!" అని.

రేపు ఉదయం ఆరింటికి నీళ్ళు వదులుతాను. గది తాళం చొక్కా జేబులో వేసుకుంటాను. దారిలో బడి తెప్ప దగ్గర ఆగి, పూలమాల వేసేలోపు ఎస్తేరు ఫొటో గోడ మీంచి దించి చంకలో పెట్టుకుంటాను. అడ్డం వస్తే ఈమె నా భార్య అని చెప్తాను. తొమ్మిదింటికి బ్యాంకు తలుపు తీసేసరికి గుమ్మంలో నేనుంటాను. నాలుగో నియమం నోటుపుస్తకంలోంచి పైకి చదువుతాను. తర్వాత నూనె తుడిచి, నుదుటి మీద రుద్ది, వేలు పెడతాను. ఎర్ర దీపం వస్తే తుడిచి మళ్ళీ పెడతాను. పన్నెండు దాకా పెడుతూనే ఉంటాను.